సోమమ్మ కన్ను

మల్లీశ్వరి చౌటుప్పల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. మోత్కూర్ దగ్గరి ఊళ్లో తల్లి సోమమ్మ, తండ్రి మల్లప్ప గొర్రెలు కాసుకునేవాళ్లు. తీరిక దొరికితే ఆమె ఫోన్‌లో ఏదో ఒకటి రాసుకునేది. ఒకసారి తల్లి గురించి రాసి ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఈనుతున్న గొర్రె కోసం తుమ్మకంపలో దూరినప్పుడు ముల్లు దిగి సోమమ్మకు ఎడమ కన్ను పోయింది. ఆనాడు మల్లప్ప ఆమెను వీపున వేసుకుని రోడ్డు దాకా ఉరికాడు. రాసింది అంతే.

నెల తిరగకముందే ఆ కథ ఒక వెబ్‌సైట్‌లో నరేశ్ అనే అతని పేరుతో వచ్చింది. కాపీ అని ఎవరూ పట్టుకోకుండా అతను వాక్యాలన్నీ మార్చాడు. మనుషుల పేర్లు తీసేశాడు, మోత్కూర్ పేరు మాత్రం ఉంచాడు. ముల్లునూ తీసేశాడు. అతని కథలో తాగొచ్చిన మొగుడు కట్టెతో పొడిచి పెళ్లాం కన్ను తీశాడు. జనం తెగ షేర్ చేశారు. మోత్కూర్ దిక్కు ఒంటికంటితో గొర్రెలు కాసే ఆడమనిషి సోమమ్మ ఒక్కతే.

"పెండ్లాం కన్ను పొడిచినవంట గద మామా! గిన్నేండ్లు ముల్లని చెప్పినవ్," అన్నాడొకడు చాయ్ హోటల్ దగ్గర. అందరూ నవ్వారు. మల్లప్ప కల్లు కూడా ముట్టని మనిషి.

మల్లీశ్వరి నంబర్ సంపాదించి నరేశ్‌కు ఫోన్ చేసింది.

"సార్, అది మా అమ్మ ముచ్చట. నాది తీసుకొని అబద్ధం కలిపిన్రు. తీసెయ్యుండ్రి."

"అందుల నీ వాక్యం ఒక్కటన్న ఉన్నదా? చూపియ్యి."

"మా నాయిన బజార్ల తల ఎత్తలేకపోతున్నడు సార్."

"సరే, నీ పేరు పెడతా. ఇగ ఫోన్ చెయ్యకు."

సాయంత్రానికి కథ కింద కొత్త లైను చేరింది: 'ఈ నిజగాథ మాకు చెప్పింది ఆ తల్లి కన్నకూతురు మల్లీశ్వరి.' ఆమె మళ్లీ చేస్తే ఫోన్ కలవలేదు.

దాంతో అది నిజమేనని ఊరికి అనుమానం తీరిపోయింది. మల్లీశ్వరి పరుగున ఇంటికొచ్చి తాను రాసింది చదివి వినిపించింది. మల్లప్ప చివరిదాకా విన్నాడు.

"రెండింట్ల నీ పేరే ఉన్నది గద బిడ్డా," అన్నాడు.

సోమమ్మ ఇంటింటికీ తిరిగి ముల్లే గుచ్చుకున్నదని చెప్పింది. "పాపం, మొగనికి భయపడి చెప్తాంది," అన్నారు ఆడవాళ్లు.

ఆ ఎండాకాలం మల్లప్ప మేత కోసం మందను కృష్ణా నది ఒడ్డుకు తోలుకుపోవడానికి సిద్ధమయ్యాడు. ఎప్పటిలాగే సోమమ్మ మూట కట్టుకుని బయలుదేరింది.

"నువ్వు రాకు," అన్నాడు మల్లప్ప. "దారిల అందరు నీ కన్ను జూస్తరు."