గడ్డిలో దాచిన కాళ్లు

తెలంగాణ వచ్చాక రెండో ఎండాకాలం. తెల్లారితే మా గొర్రెల మంద మేత కోసం కృష్ణా నది దిక్కుకు కదలాలి. ఆ మధ్యాహ్నం మా నాయిన గొర్రెలు తోలే తన కట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. షరతు ఒక్కటే. నేను వేసిన బొమ్మలో ఆయన తన గొర్రెల్లో ఒక్కదాన్నయినా గుర్తుపట్టాలి. గుర్తుపడితే ఆయన పక్కింటివాళ్ల మందతో కలిసి పోతాడు, నేను పాలమూరులో ఉండి రంగులు నేర్చుకోవచ్చు. లేదంటే కట్టె నాది, మందా నాదే.

ఎనిమిదో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరు వదిలించుకున్నాం. పందొమ్మిదేళ్లొచ్చాక, బోర్డులు రాసే మేస్త్రి దగ్గర ఆయిల్ రంగులు పట్టాను. ఆర్నెల్లలో గుట్టలు, ఆకాశం వచ్చేశాయి. అవి కదలవు కదా. పశువులే లొంగలేదు, అందులోనూ కాళ్లు. నా గొర్రె మంచంలా నిలబడేది. పరుపు కూడా వేసెయ్యమన్నాడు మేస్త్రి. అందుకే ఈసారి తెలివి చూపించాను: గొర్రెలన్నిటికీ పొట్టల దాకా గడ్డి వేసి కాళ్లు దాచేశాను.

బొమ్మను దొడ్డి గోడకు ఆనించాను. నాయిన వంగి చాలాసేపు చూశాడు. చెవి మీది బీడీ కూడా తియ్యలేదు.

“వీటి కాళ్లేవిరా?”

“గడ్డిల ఉన్నయి నాయిన.”

“గంత గడ్డి ఈడనే ఉంటే, రేపు నేనెందుకు పోతున్నరా?”

పొద్దుగూకేదాకా గడువడిగాను. సరేనన్నాడు గానీ కట్టె మాత్రం వెనక్కి తీసుకోలేదు.

బొమ్మలో గడ్డి రంగు ఇంకా పచ్చిగానే ఉంది. కత్తితో గీకేస్తే, కింద ఎప్పుడో ఎండిన ఎర్రనేల తేలింది. ఇక దాచడానికి జాగా లేదు. ముందు నీడ పెట్టు, కాలు దానంతటదే వస్తుందని మేస్త్రి చెప్పేవాడు. నీడలు పెట్టాను, కాళ్లు రాలేదు. తుడిచాను. మళ్లీ పెట్టాను. పొద్దేమో ఆగడం లేదు. దొడ్డిలో ఒక గొర్రె ముందుకాలు ఎత్తి నిలబడి ఉంది. దాన్నే చూస్తూ మూడు కాళ్లకు నీడలు వేశాను. నాలుగోది గాలిలో వదిలేశాను.

నాయిన వచ్చాడు. బొమ్మలో ఆయన్ని కూడా వేశాను, మీసం కొంచెం పెంచి. అటు చూడనే లేదు. ఆయన వేలు ఒక గొర్రెను దాటింది, ఇంకోదాన్ని దాటింది. మూడోదాని మీద వేలు ఆగింది.

“దీనికి మొన్ననే ముల్లు దీసిన గదరా. ఇంకా కాలు కింద పెడ్తలేదా?”

“బొమ్మల గూడ పెడ్తలేదు నాయిన.”

ఆయన నవ్వలేదు. వేలికంటిన రంగును ధోతికి తుడుచుకుని చెయ్యి చాపాడు.

“కట్టె ఇటియ్యి.”