కటింగ్ బాబాయి స్పైరియా పొద

జీవితమంతా సెలూన్ నడిపినవాడికి ఏదైనా గుబురుగా కనబడితే చేతులు ఊరుకోవు. మోకాళ్ళు నిలబడనివ్వక కటింగ్ బాబాయి షాపు మూసేశాడు గానీ, కత్తెర మాత్రం కింద పెట్టలేదు. కర్టెన్ల అంచులు, చాప కుచ్చులు, ఆఖరికి పక్కింటి కుక్క బొచ్చు కూడా ఆయన చేతికింద సాపైపోయాయి. ఇక మిగిలింది వాకిట్లోని పొద.

అది బావమరిది, ఆయన భార్య తమ్ముడు, తెచ్చింది. "స్పైరియా అక్కా. చలి పోగానే కొమ్మ కొమ్మకీ తెల్లటి గుత్తులే. ఆకు కూడా కనబడదు" అని చెప్పి, తనే గొయ్యి తీసి నాటి వెళ్ళాడు. బాబాయి నీళ్ళు పోశాడు, ఎరువు వేశాడు. మొక్కలమ్మే నర్సరీ ఆవిడ చలికాలం చివర్లో తన స్పైరియాలను పొట్టిగా కత్తిరిస్తుంటే చూసొచ్చి, తనూ గుండ్రంగా, ఎగుడుదిగుడు లేకుండా కటింగ్ చేశాడు. పొద ఏపుగా పెరిగింది. పువ్వు మాత్రం ఒక్కటంటే ఒక్కటి పూయలేదు.

రెండో ఏడూ అంతే. ఆయనకసలే ముక్కుమీద కోపం. మట్టిని తిట్టాడు, ఎండను తిట్టాడు, ఎదురింటి గోడ నీడను తిట్టాడు. తిట్టడానికి ఇంకేమీ మిగలక, భోజనాల దగ్గర బావమరిది మీద పడ్డాడు.

"స్పైరియానా అది? రోడ్డు పక్క పిచ్చిమొక్క పీక్కొచ్చి మీ అక్క చేతిలో పెట్టావు. నీ మాటలన్నీ అంతే."

ఆ మాట అనాల్సింది కాదు. బావమరిది సగం కంచం వదిలి లేచి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. బాబాయి భార్యకు పుట్టింటి వైపు మిగిలింది ఆ తమ్ముడొక్కడే. పైకి ఏమీ అనలేదు గానీ, వీధిలో స్కూటర్ చప్పుడైతే చాలు, పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. అది చూసినప్పుడల్లా బాబాయికి తల తిరిగినంత చికాకు. అయినా పట్టు వదల్లేదు. పొద పూస్తే తనే వెళ్ళి పిలుచుకొస్తాడు. పూయకపోతే అది స్పైరియానే కాదు, తను అన్నది నిజం.

మూడో చలికాలం చివర మళ్ళీ కటింగ్ చేశాడు. ఇక తేల్చేసుకుందామని, కోసిన కుప్పలోంచి ఓ కొమ్మ పట్టుకుని నర్సరీకి వెళ్ళాడు.

"ఇది స్పైరియా కాదని మీ నోటితో ఒక్క మాట చెప్పండమ్మా, చాలు."

నర్సరీ ఆవిడ ఆ సన్నటి కొమ్మను వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "స్పైరియానే. తెల్లపూల రకం. ఎవరు కోశారిది?"

"నేనే. మీరు కోసినట్టే కోశాను."

"అయ్యో బాబాయ్! నావి గులాబీ రంగువి. ఎండాకాలంలో కొత్త చిగుళ్ళ చివర పూస్తాయి, ఎంత కోసినా పర్వాలేదు. ఇది పోయినేడు పెరిగిన కొమ్మల మీదే పూస్తుంది. పూలు రాలాకే కత్తెర పెట్టాలి. ఇదిగో చూడు, కణుపు కణుపుకీ మొగ్గలు."

ఎండుపుల్ల అనుకున్నదాని నిండా ఆవగింజలంత బుడిపెలు. బాబాయికి తల కొట్టేసినట్లయింది. ఏటా పూలన్నిటినీ చేతులారా చెత్తబుట్టలో పోసి, దొంగ కోసం లోకమంతా వెతికాడు. దారి పొడుగునా తనను తానే తిట్టుకుంటూ ఇల్లు చేరి, బావమరిదికి ఫోన్ చేశాడు.

"తప్పు నాదేరా. మొగ్గలన్నీ నేనే కోసేశాను. ఈ ఏడూ కోసేశాను."

"తెలుసు బావా. మొదటి చలికాలమే చూశాను, దానికి గుండు కొట్టి పెట్టావు."

"తెలిసి చెప్పలేదేంరా? అన్ని మాటలు ఎందుకు పడ్డావు?"

"అక్క ఒట్టు వేయించుకుంది. షాపు మూసేశాక నీ మొహంలో నవ్వు కనబడేది ఆ పొద కత్తిరించే పూటేనట. పూలు లేకపోతే పోనీ, చెప్పొద్దంది."

బాబాయి ఆదివారం భోజనానికి రమ్మని, ఫోన్ పెట్టేసి చూస్తే, భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఇక చలికాలంలో దాని జోలికి వెళ్ళను" అన్నాడు, ఆవిడ మొహంలోకి చూడలేక.

ఆవిడ ఆయన చేతుల వైపు చూసింది.

"మరి మీ చేతులకేం పని పెట్టుకుంటారండీ?"