పాడయ్యాకే ఉచితం

ఆరోగ్య కార్డు చేతికి వచ్చిన రోజు మా చిన్నాన్న దేవరాపల్లి నుంచి బండి మీద చోడవరం వచ్చి మరీ నాకు చూపించాడు. ఆయన చెరకు రైతు. అప్పటికే షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. "ఇక నాకు బయం నేదురా. ఏ రోగమొచ్చినా గవర్నమెంటే సూసుకుంటాది" అన్నాడు.

కొన్ని నెలలకు ఆయన కాళ్లు వాచాయి. కార్డు చెల్లే ప్రైవేటు ఆసుపత్రికి అనకాపల్లి తీసుకువెళ్లాను. కిడ్నీలు దెబ్బతినడం మొదలైందని, రోజూ మందులు వేసుకుని నెలనెలా రక్తపరీక్ష చేయించుకుంటే చాలాకాలం నెట్టుకురావచ్చని డాక్టరు చెప్పాడు. చిన్నాన్న నిశ్చింతగా కార్డు తీసి కౌంటర్లో అమ్మాయికి ఇచ్చాడు.

ఆమె వెనక్కి ఇచ్చేసింది. "నెలవారీ మందులకీ టెస్టులకీ ఇది రాదండి."

"మరెప్పుడొస్తాదమ్మా?"

"కిడ్నీలు పూర్తిగా పాడైతే డయాలసిస్ ఫ్రీ అండి."

ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. చిన్నాన్న మాత్రం చెంపదెబ్బ తిన్నవాడిలా నిలబడిపోయాడు. బయటికొచ్చాక, "అయితే నన్ను పాడైపొమ్మంటన్నారేట్రా?" అన్నాడు.

మందులు నేను కొంటానంటే ఒప్పుకోలేదు. సర్కారు ఆసుపత్రిలో మాత్రలు ఉన్నప్పుడు తెచ్చుకునేవాడు, లేనప్పుడు మానేసేవాడు. పరీక్షల ఊసే లేదు. "కార్డిచ్చినోళ్లు మందులియ్యరేటి? మళ్లీ అడుగుదాం" అని కొన్నాళ్లు ఆశపడ్డాడు. తర్వాత అడగడం కూడా మానేశాడు.

చెరకు నరికే రోజుల్లో ఒక ఉదయం ఆయాసంతో పొలం గట్టు మీదే కూలబడ్డాడు. మళ్లీ అదే ఆసుపత్రి. ఈసారి మమ్మల్ని ఎవరూ వెనక్కి పంపలేదు. వెంటనే మంచం ఇచ్చారు, ఆ రోజే డయాలసిస్ మొదలుపెట్టారు, నిజంగానే పైసా తీసుకోలేదు. దానివల్లే ఆయన మరికొంతకాలం మా మధ్య ఉన్నాడు. ఆ మాట దాచను. కానీ ఆ మిషను పక్కన కూర్చున్న ప్రతిసారీ నాకు కృతజ్ఞత కంటే ముందు కోపమే వచ్చేది.

తర్వాతి వానాకాలంలో పోయాడు. దినం నాడు భోజనాల దగ్గర బంధువొకాయన, "ఏదేమైనా గవర్నమెంటు సానా సేసింది. అన్నీ ఫ్రీయే కదా" అన్నాడు.

గుమ్మం పక్కన కూర్చున్న పిన్ని తలెత్తింది. "సేసింది అన్నయ్యా. మనిషి సగం సచ్చేక వచ్చి సేసింది. బాగున్నప్పుడు నాలుగు మాత్రలియ్యనేకపోయింది."

ఆ బంధువు తింటున్న విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.