తోక లేని సింహం

కొన్నేళ్లుగా నా వెన్నెముక పక్కన ఒక ఇనుప గొట్టం ఉన్నట్టుంటుంది. నా నడక చూసి జనం రాజఠీవి అంటారు. ఠీవి కాదది. వంగితే ఆ గొట్టం ఎక్కడ బయటికి పొడుచుకొస్తుందోనన్న భయం. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

శ్రీకాకుళం వైపు మాకొక చిన్న ఎస్టేటు ఉండేది. మిగిలింది అమ్ముకుని మా నాన్నగారు రాయ్‌పూర్ దగ్గర అభన్‌పూర్‌లో రైసుమిల్లు పెట్టారు. అదీ పోయింది. నా వాటాకు వచ్చినవి ఒక పాత జీపు, మా ఇంటి గుర్తు. ఎదురెదురుగా లేచి నిలబడ్డ రెండు సింహాలు ఆ గుర్తు. సిల్తారాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఆఫీసులో నేను గుమాస్తాను. రాయ్‌పూర్ తెలుగువాళ్లలో మాత్రం దొరగారిని. జీపు ముందు లావుపాటి గొట్టాలతో గార్డు చేయించి, దాని మధ్యలో ఆ సింహాలను వెల్డింగ్ పెట్టించాను. గుమాస్తా కుర్చీకి సింహాలు పెట్టుకోలేను కదా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. బళ్ల నిబంధనలంటే నాకు పిచ్చి. ఆదివారాలు తెలుగు సంఘం హాల్లో కాఫీ తాగుతూ వాటి మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్ల తరవాత, అక్కణ్ణుంచి రెండేళ్లకోసారి తనిఖీ అని, అది లేకపోతే రోడ్డెక్కనివ్వరని. జర్మనీలో వేరే కొలత చక్రం వేసుకున్నా దానికి ఆమోదం చూపించాలని. ఇంగ్లండువాళ్లు మార్పుల విషయంలో కాస్త చూసీచూడనట్టు పోయినా, పాతబడ్డ కారుకు ఏటా బ్రేకులు చూసి తీరతారని. మన దగ్గర సొంత కారును పదిహేనేళ్లదాకా అడిగే దిక్కే లేదని. అన్నిటికన్నా ముఖ్యంగా, ఐరోపాలో ఇలాంటి మొండి ఇనుప గార్డులు పెట్టనివ్వరని. ఎందుకు పెట్టనివ్వరు? బండి ముందు రేకు తగిలితే నొక్కుకుపోతుంది, దెబ్బలో కొంత అదే మింగుతుంది. గొట్టం నొక్కుకోదు, మనిషి ఎముకే లొంగాలి. ఈ మాట నాదే. ఆ హాల్లో చాలాసార్లు అన్నాను.

"మరి తమరి జీపుకున్నదేటండి దొరగారూ, పూలదండా?" అని ఒకసారి రైల్వేలో పనిచేసే అప్పారావు అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తరవాత మన దేశంలోనూ గార్డులు కూడదని ఉత్తర్వు వచ్చింది. నేను హాల్లో లేచి నిలబడి, నాది ఆ రోజే తీసేశానని ప్రకటించాను. తీసిన మాట నిజమే. కానీ ఊరంతా చేసిందే నేనూ చేశాను. చెకింగ్ వారం తీసెయ్యడం, వారం గడిచాక మళ్లీ బిగించుకోవడం. నాలుగు బోల్టులు. తీసినప్పుడు కన్నాలకు నల్ల రబ్బరు బిరడాలు. ఒక్క గీత మిగలదు. ఆదివారాలు మాత్రం జీపు ఇంట్లో ఉంచి, ఒంటికి మంచిదని చెప్పి, హాలుకు నడిచి వెళ్లేవాణ్ణి.

ఎస్తేరు నర్సు. వాళ్లది నర్సాపురం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆ ఉదయం డ్యూటీ దిగి, తెలీబంధా చెరువు పక్క సందులో ఇంటికి నడిచి వెళ్తోంది. నేను ఫ్యాక్టరీకి బయల్దేరాను. వేగం లేదు, సైకిలు పాటి వేగం కూడా లేదు. అడ్డొచ్చిన దూడను తప్పించబోయి పక్కకు తిప్పాను. గార్డు ఆమె తొడకు తగిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. చెరుకు గడ విరిచినట్టు, అంతే.

సందులో అప్పుడు ఇంకెవరూ లేరు. నేనే ఎత్తి జీపులో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆసుపత్రి లోపల చూసినవాళ్లు చేతులు జోడించారు. ఇంటికొచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా, బోల్టులు విప్పాను. చేతులు వణకలేదు. అలవాటైన పని కదా. మీకు ఏది ఎక్కువ రోతగా ఉంది? విప్పడమా, చేతులు వణకకపోవడమా? నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మర్నాడు పోలీసు అధికారి మా ఇంటికొచ్చి జీపు చూశాడు. తరవాత వార్డుకు వెళ్తూ నన్నూ వెంట రమ్మన్నాడు.

"సాబ్, సామ్‌నే లోహే కా పైప్ థా. షేర్ వాలా," అంది ఎస్తేరు, మంచం మీద నుంచే. ముందు ఇనుప గొట్టం ఉందని, దాని మీద సింహాలున్నాయని.

"క్యా రాజా సాబ్, థా క్యా?" అని అతను నన్నడిగాడు, ఏమంటారు, ఉందా అని.

రూలు వచ్చిన రోజే తీసేశానని, మా సంఘంలో ఎవర్నడిగినా చెబుతారని హిందీలో నెమ్మదిగా చెప్పాను.

అప్పుడామె నా వైపు తిరిగి తెలుగులో అంది. "అదేంటండీ దొరగారూ! కళ్లారా చూశానండి. ఎడంపక్క సింహానికి తోక కూడా లేదు. మీరే చెప్పండి, ఉందా లేదా?"

ఏమంటోందని అధికారి అడిగాడు. తర్జుమా చేసింది నేనే. ఒక్క మాట పొల్లు పోకుండా చేశాను.

అతను పకపకా నవ్వాడు. "గిర్‌తే గిర్‌తే పూంఛ్ భీ దేఖ్ లీ, సిస్టర్?" పడుతూ పడుతూ తోక కూడా చూసుకున్నావా అని. పక్క మంచాలవాళ్లూ నవ్వారు.

నేను నవ్వలేదు. ఆ తోక అంతకు కొద్ది రోజుల ముందే మా గేటు స్తంభానికి రాసుకుని ఊడిపోయింది. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. నాకూ, ఇప్పుడు ఎస్తేరుకూ.

"లేదమ్మా. నొప్పిలో ఏదో అనిపించి ఉంటుంది," అన్నాను. అమ్మా అని కూడా అన్నాను.

అంత మెల్లగా వచ్చిన బండి రేకు తగిలితే తొడ ఎముక అలా విరగదని ఎవరో అన్నారట. నిద్రలేని మనిషి, పరిగెత్తి తనే పడిందని పోలీసులు రాసుకున్నారు. చూశారా? నా ఉపన్యాసాన్నే ఆమె మీదికి తిప్పారు. సంఘంలో అందరికన్నా ముందు నా తరఫున మాట్లాడింది, పూలదండ అని నవ్వించిన అప్పారావే. "దొరగారా? రూలంటే పేణం పెట్టీ మనిషి," అన్నాడట.

ఆమె కాలు కురచగా అతుక్కుంది. వార్డులో నిలబడలేకపోయింది కాబట్టి ఉద్యోగం పోయింది. ఇదంతా ఒక ఎత్తు, తరవాతది ఒక్కటీ ఒక ఎత్తు. ఏడాది తిరిగాక అప్పారావు చేత ఆమె నాకొక కబురు పంపింది. నొప్పిలో ఏదో చూశానేమో, పెద్దమనిషి మీద నింద వేశాను, మన్నించమని చెప్పండి అని. రోగి నాడి చూసి చెబితే డాక్టర్లు మారు మాట్లాడకుండా నమ్మిన మనిషి ఆమె. తన కళ్లను తనే నమ్మడం మానేసింది.

నేనేమన్నానో తెలుసా? ఫర్వాలేదని చెప్పమన్నాను. ఎస్తేరును నేను మన్నించాను! ఆ పూట అన్నం కూడా తిన్నాను.

గార్డు మా స్నానాలగది వెనక గోడకు ఆనించి ఉంది. ఇనుము కరిగించే కొలుముల మధ్యే పని చేస్తూ, దాన్ని కొలిమిలో వేయించలేకపోయాను. సాక్ష్యం దాచాలనా? కాదు, సింహాలున్నాయని. వానొస్తే తుప్పు ఎర్రగా కారి తూములోకి పోతుంది. అయినా పారెయ్యను. ఇక్కడ నా పేరు రాయకపోవడానికీ కారణం అదే. ఇంటిపేరు. అది ఇంకా మిగిలిందనే అనుకుంటున్నాను.

ఎస్తేరు ఇది చదవదు. చదివినా ఆమె కాలు పెరగదు. రేపు తెలీబంధాలో ఎదురైతే నేను మళ్లీ నిటారుగానే నడిచిపోతానేమో. నా సంగతి నాకు తెలుసు.

అయినా ఒకసారి రాయాలి. ఆ ఉదయం జీపుకు గార్డు ఉంది. దాని మీద సింహాలున్నాయి. ఎడమవైపు సింహానికి తోక లేదు.

ఈ మాట రాయడానికి కాగితం మీదికి వంగాను. ఇన్నేళ్లలో నేను నిజంగా వంగింది ఇప్పుడే.