గౌను లోపలి మడత

కొరియర్ కవరు కత్తిరించగానే ప్లాస్టిక్కూ కొత్త రంగూ కలిసిన వాసన గుప్పుమంది. ఈ నెలలో ఇది మూడో కుర్తీ. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి మొన్న ఆదివారం మదనపల్లెకు వచ్చి, "యాభై దాటినాకైనా నీకంటూ ఒక స్టైలు ఉండాల మా, పదేళ్లు నిలిచేవి నాలుగు కొనుక్కో, మిగతాయి తీసెయ్" అని బీరువా మొత్తం మంచం మీదికి లాగేసి, ఉంచేవి, ఇచ్చేసేవి, తేల్చుకోలేనివి అని కుప్పలు పోసి సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయింది. తేల్చుకోలేని కుప్పే అన్నిటికంటే పెద్దది. అప్పటినుంచి నేను కాలుగాలిన పిల్లిలా ఆ మంచం చుట్టూ తిరుగుతున్నాను. ఒక చీరను ఈ కుప్పలోంచి తీసి ఆ కుప్పలో వేస్తాను, వెళ్లి కాఫీ పెట్టుకుంటాను, మళ్లీ వచ్చి దాన్ని వెనక్కి తీస్తాను.

బట్టల దగ్గర నాకు నిలకడ లేకపోవడం ఇప్పటి సంగతి కాదు. మా అమ్మ సర్కారు ఆసుపత్రిలో నర్సు, శనక్కాయ చేలల్లో కూలికి పోయిన మా వంశంలో నెల జీతం కళ్ల చూసిన మొదటి మనిషి. నాయన లారీ మీద ఏ ఊళ్లోనో ఉండేవాడు. అమ్మకు బదిలీ అయినప్పుడల్లా ట్రంకుపెట్టెతో సహా మదనపల్లె నుంచి కుప్పానికి, కుప్పం నుంచి పుంగనూరుకు మేమూ మారేవాళ్లం. మదనపల్లెలో ఆడపిల్లలు రెండు జడలు పైకి మడిచి రిబ్బన్లు కట్టుకునేవాళ్లు. కుప్పంలో అరవపిల్లలు పట్టు పావాడాలు కట్టి, జడనిండా కనకాంబరాలు పెట్టుకుని, పావాడా కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకునే తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లు. ఏ ఊరికి పోతే ఆ ఊరి పిల్లలా అయిపోవాలని నాకు ఒకటే తొందర. తీరా అయ్యేలోపు మళ్లీ బదిలీ.

నా ఒంటిమీద మాత్రం ఏ ఊళ్లోనైనా అమ్మ కుట్టిన గౌనే. డిసెంబరు చలిలో మా సొంతూరు సదుం నుంచి అవ్వ శనక్కాయల మూట నెత్తిన పెట్టుకుని దిగేది. పొయ్యి మీద నిప్పట్లు, కర్జికాయలు వేగుతుంటే, ఆ నూనె వాసనలో అమ్మ చేతి మిషను ముందేసుకుని నా క్రిస్మస్ గౌను కుట్టేది. కుట్టేదంటే, ఆ ఏటికి మాత్రమే కాదు. అడుగున జానెడు గుడ్డ లోపలికి మడిచి, నడుము దగ్గర ఇంకో మడత, భుజాల దగ్గర ఇంకొంచెం దాచేది. "పెరిగే పిల్లవి, లోపల గుడ్డ ఉండాల మే" అనేది. ఏడాదికొకసారి ఆ మడత కాస్త విప్పేది. అప్పటిదాకా లోపల దాగిన గుడ్డ కొత్తగా నిగనిగలాడుతూ బయటపడేది, పైదంతా వెలిసిపోయి ఉండేది, రెండింటి మధ్య పాత కుట్టు గీత ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు.

కుప్పంలో ఆ గీతలే నా కొంప ముంచాయి. "మే, నీ గౌను వయసు తెలిసిపోతాండాది సూడు" అని ఒకమ్మాయి వంగి మరీ లెక్కపెట్టింది. ఆ క్రిస్మస్‌కు చర్చిలో అందరి ముందూ నిలబడి నేను బైబిలు వాక్యం చెప్పాలి. ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. "యాలమ్మే ఏడస్తాండావు?" అంది అవ్వ. నాకు గీతల్లేని గౌను కావాలి, మడతల్లేనిది, ఈ ఏటికి, ఈ కొలతకి, నాకే సరిగ్గా సరిపోయేది కావాలి అన్నాను. అవ్వ నోరు నొక్కుకుంది. అమ్మ మాత్రం మరుసటి రోజు డ్యూటీ నుంచి వస్తూ నన్ను బజారులో దర్జీ దగ్గరికి తీసుకుపోయి, "పాప ఎంతుందో అంతే కుట్టప్పా, అంగుళం గుడ్డ కూడా లోపల వదలొద్దు" అంది.

లేత నీలం గౌను. ఆ పూట నేను వాక్యం ఏం చెప్పానో నాకు గుర్తులేదు, నడుము దగ్గర అది పట్టినట్టు కూర్చోవడం గుర్తుంది. ఊరంతా నన్నే చూస్తోందనుకున్నాను. అంత సంతోషం బట్టల వల్ల మళ్లీ ఎన్నడూ కలగలేదు.

జూన్‌లో పుంగనూరుకు బదిలీ. కొత్త బడికి ఆ గౌనే వేసుకుపోవాలని ట్రంకులోంచి తీస్తే చేతులు దూరలేదు. తిరగేసి చూశాను. అడుగున, నడుములో, భుజాల దగ్గర వెతికాను. లోపల ఏమీ లేదు. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. గౌను సదుంలో మా పిన్ని కూతురికి పోయింది. గీతల గౌను ఇంకో మడత విప్పుకుని, ఏమీ ఎరగనట్టు నాతో బడికి వచ్చింది.

మళ్లీ డిసెంబరు వచ్చినప్పుడు గుడ్డ పట్టుకుని అమ్మ దగ్గరికి నేనే పోయాను.

"లోపల గుడ్డ పెట్టు మా."

"ఎంత పెట్టేది? ఎంత ఎదుగుతావు?"

"నీ అంత."

అమ్మ నవ్వలేదు. నన్ను పక్కన నిలబెట్టుకుని, నా తల తన ఒంటికి ఎంతవరకు వస్తుందో చేత్తో చూసి, మిగిలిన ఎత్తంతా మడిచి లోపల కుట్టేసింది. గౌను అడుగు ఎంత బరువెక్కిందంటే, పరిగెత్తితే మోకాళ్లకు కొట్టుకునేది. ఆమె అంత ఎత్తు నేను ఎదగనేలేదు. ఆ చివరి మడత విప్పాల్సిన అవసరం రాకుండానే గౌను దిండు గలేబు అయింది, తర్వాత మసిగుడ్డ అయింది. అమ్మ కూడా లేదు ఇప్పుడు. ఇళ్లల్లో చేతి మిషన్లు లేవు, పాత కుట్టు గీతలున్న పిల్లలు ఏ ఊళ్లోనూ కనబడరు, దానికి నేనేమీ బాధపడను. కానీ నేను ఇంకా ఎదుగుతానని అంత గట్టిగా నమ్మిన మనిషి మళ్లీ దొరకలేదు. అదీ నా దిగులు.

మూడో కుర్తీ తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. విప్పి, తిరగేసి, అంచు వేళ్లతో తడిమాను. అంచు దాకా కత్తిరించి, పైపైన దారం చుట్టి వదిలేశారు. వెనక్కి పంపుదామని ఫోనులో యాప్ తెరిస్తే కారణం అడిగింది. చిన్నదయిందా, పెద్దదయిందా, రంగు వేరుగా ఉందా, చిరిగిందా. నాది అందులో లేదు. "ఇతర కారణాలు" అన్నచోట నొక్కాను. చిన్న గడి ఒకటి తెరుచుకుని, వివరంగా రాయమంది.

రాశాను. ఇదంతా ఆ గడిలో పట్టలేదు.