దాతను బండెక్కించిన సోమవారం

తెలంగాణ వచ్చిన కొత్తలో, అమ్రాబాద్ అడవిలోని గూడేలకు ప్రతి సోమవారం మా సంస్థ వైద్యం బండి వెళ్లేది. నడిపేది నేను. డీజిల్ ఖర్చు భరించేది కొత్తకోట దగ్గర హైవే మీద హోటల్ పెట్టుకున్న ఒక పెద్దాయన. మూడేళ్లు ఇచ్చినవాడు ఒక్కసారిగా ఆపేశాడు.

"వచ్చే నెల నుంచి బండి బందే" అన్నారు సంస్థ నడిపే మా సారు.

గూడేల్లో బీపీ గోలీలు మింగే ముసలివాళ్లు, నెలలు నిండుతున్న ఆడవాళ్లు మా హారన్ కోసమే చెవులు రిక్కించుకుని ఉంటారు. మా ఆఫీసులో చదువుకున్నవాళ్లు రాసిన మూడు ఉత్తరాలకు ఆయన జవాబివ్వలేదు. దాంతో ఏడో తరగతిలో బడి మానేసిన నన్ను పంపారు.

గల్లా దగ్గర కూర్చున్న ఆయన నన్ను చూడగానే, "మళ్ల శాలువా తెచ్చినవా?" అన్నాడు.

"లేదు సేటూ. ఛాయ్ తాగిపోదామని వచ్చిన, గదీ నువ్వు పోయిస్తే."

"శాలువాలు బర్లకు కప్పినా మిగులుతున్నయి. స్టేజీ ఎక్కిస్తరు, దండేస్తరు, ఫోటో దిగుతరు. నా డీజిల్ యాడికి పోతాందో ఒక్కనాడన్న సూపెట్టిండ్రా?"

నిజమే. దాతలు వస్తున్నారంటే ఆఫీసు గోడలకు సున్నం వేయించి, బండిని మాత్రం వెనక సందులో దాచేవాళ్లం. తలుపును తాడుతో కట్టిన ఆ బండిని చూస్తే ఇచ్చే చెయ్యి వెనక్కి పోతుందని మా భయం.

"సోమారం మా బండి ఎక్కుతవా మరి? సీటు చినిగింది, ముందే చెప్తున్న."

"హోటల్ పెట్టకముందు లారీ మీద క్లీనర్ని తమ్మీ. నాకు సీటు ముచ్చట చెప్తవా?"

సారుకు చెప్పకుండానే ఎక్కించుకున్నాను. వాగులో చక్రం ఇసుకలో దిగబడితే ఆయన ధోతి ఎగ్గట్టి, బండిలో వచ్చే నర్సుతో కలిసి తోశాడు. గూడెంలో ఒక అవ్వ, "కొత్త డాక్టరా?" అని అడిగింది.

"కాదవ్వా, క్లీనరు. పని నేర్సుకుంటుండు" అన్నాను. ఆయన కాదనలేదు.

తిరిగొచ్చేటప్పుడు, దిగే ముందు అన్నాడు: "డీజిల్ ఇస్త. ఉత్తరాలు బంద్ జెయ్యిండ్రి. సోమారం సోమారం నువ్వే ఫోన్ జేసి ఏమైందో చెప్పు."

చెప్పేవాణ్ణి. ఎవరికి జ్వరం తగ్గింది, ఎవరు సూది చూసి పరుగెత్తారు, అన్నీ. ఆయన నవ్వేవాడు.

ఒక సోమవారం గోలీల డబ్బా ఆఫీసులోనే మర్చిపోయాను. పక్క గూడెం నుంచి నడిచొచ్చిన ముసలామె అట్లాగే తిరిగి వెళ్లిపోయింది. దాతలకు మేం రాసే ఉత్తరాల్లో ఇలాంటి సోమవారం ఒక్కటీ ఉండేది కాదు. ఏదో జోకు వేసి దాటేద్దామనుకున్నాను. ఫోన్‌లో ఆయన గొంతు వినగానే జోకు రాలేదు.

"తప్పు నాదే సేటూ. డబ్బా మర్చిపోయిన. ముసలామె ఉత్తగనే పోయింది."

డీజిల్ పోయినట్టే అనుకున్నాను.

"రేపు మళ్ల పో," అన్నాడు. "ఆ డీజిల్ గూడ నాదే. ముసలామెకు గోలీలు ఇచ్చినంక ఫోన్ జెయ్."