యాకమ్మ పెట్టిన స్టేటస్

యాకమ్మ నోట్లో ఎప్పుడూ నానే మాట ఒక్కటే: "నలుగురు నవ్వుతరు బిడ్డా." తొర్రూరు దగ్గరి పల్లె నుంచి కాజీపేట వచ్చి, భర్త పోయాక స్టేషన్ బయట ఇడ్లీ బండి పెట్టుకుని, ఒక్కగానొక్క కూతురు స్నేహలతను ఆ మాటతోనే పెంచింది. పిల్ల గట్టిగా మాట్లాడితే ఆ మాట, చున్నీ కాస్త జారితే ఆ మాట. పాపం, తను పెరిగిందీ అలాగే. స్నేహలత మాత్రం అద్దంలో చూసుకునేటప్పుడు కూడా ఆ నలుగురూ వెనకాలే ఉన్నట్టు బెదిరేది.

దగ్గర్లోని సుబేదారి కాలేజీలో ఇంటర్‌లో చేరిన కొత్తలో, అక్కడి ఫంక్షన్‌లో పిల్ల చేతికి మైకు ఇచ్చారు. బట్టీ పట్టిన ఇంగ్లీషు గొంతులోనే ఆగిపోయి బిక్కచచ్చి నిలబడింది. ఎవడో పుణ్యాత్ముడు దాన్ని ఫోన్లో తీసి, మేక అరుపు కలిపి వాట్సాప్ గ్రూపుల్లో వదిలాడు. ఇదంతా యాకమ్మకు చాలా ఆలస్యంగా తెలిసింది. చెబితే అమ్మ ఫోను లాక్కుంటుందని పిల్ల భయం. ఫోను లేకపోతే తనను ఏమంటున్నారో తెలియదు, అది ఇంకా పెద్ద భయం. అందుకని ఆ వీడియోనే, దాని కింద రాసిన వెక్కిరింతలనే మళ్లీ మళ్లీ చూసింది. చూసినకొద్దీ వాళ్లు అన్నదే నిజమనుకుంది.

ఈలోపు పక్కింటి పద్మ ఆ వీడియోను యాకమ్మకు పంపింది. రైళ్ల రొదలో మేక అరుపు వినపడలేదు. మైకు పట్టుకున్న కూతురు కనపడింది, కింద బారుగా పసుపుపచ్చటి నవ్వు మొహాల బొమ్మలు కనపడ్డాయి. అక్షరం ముక్క రాని తల్లి ఉబ్బితబ్బిబ్బయింది. చుట్టాలందరికీ పంపింది, స్టేటస్ పెట్టుకుంది. స్టేటస్ పెట్టడం నేర్పింది కూడా ఆ కూతురే. బండి దగ్గర టిఫిన్ తినే స్నేహలత క్లాసు పిల్ల ఒకతి ఆ స్టేటస్ చూసి, "వాళ్లమ్మ కూడా పెట్టింది" అని క్లాసు గ్రూపులో వేసింది.

సాయంత్రం స్నేహలత గుమ్మంలోనే నిలబడిపోయింది. "నువ్వు గూడ నవ్వినవా అమ్మా?"

"నవ్వుడేందే? మురిసిపోయిన బిడ్డా! అంతమంది మెచ్చుకున్నరు గద."

పిల్ల సౌండు పెంచి ఫోను తల్లి చెవికి ఆనించింది.

యాకమ్మ స్టేటస్ తీయించింది. చుట్టాలకు ఫోన్లు చేసి బతిమాలింది. అప్పటికే వాళ్లు ఇంకెవరికో పంపేశారు. కాలేజీకి పోయి సార్ల ముందు ఏడ్చింది. ఆ వీడియో ఒకచోట తీస్తే ఇంకోచోట తేలింది. స్నేహలత కాలేజీ మానేసింది, ఆ తర్వాత మాటే మానేసింది. లోకంలో తనవైపు ఉన్న ఒక్క మనిషీ అటువైపు చేరిందని ఆ పిల్ల నమ్మకం. కాదని యాకమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఆ నమ్మకం సడలలేదు.

ఒక పొద్దున యాకమ్మ బండి కట్టేసి కూతురి కాళ్ల దగ్గర కూలబడింది. "తిట్టు బిడ్డా నన్ను. గట్టిగ ఏడువు. ఏదన్న ఒక్క మాట మాట్లాడు, నీకు దండం పెడత."

స్నేహలత లేచింది. వెళ్లి కిటికీ తలుపు మూసింది.

"మెల్లగ అమ్మా," అంది. "నలుగురు నవ్వుతరు."